శివారు నీళ్లు

నరసాపురం బస్టాండు ఎదుట ల్యాబులో
కుర్రాడు కాగితం నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చాడు.
టీఎస్‌హెచ్ పద్దెనిమిది పాయింటు ఆరు.
అంకె పక్కన నల్ల చుక్క.
"ఎక్కువుందండి" అన్నాడు, ఇంకేం అన్లేదు.
నా వెనకావిడ అప్పటికే సూదికి చెయ్యి చాపేసింది.

ఎక్కువంటే
నాలో ఏదో పొంగిపోతోందనుకున్నాను.
ఆటోలో వచ్చినంతసేపూ మెడ తడుముకున్నాను.
రోళ్లు పగిలే రోహిణి కార్తెలో
దుప్పటి కప్పుకుని ముడుచుకునే మనిషికి
పొంగడానికి ఏముంటుంది?

డాక్టరమ్మ కింద గీత చూపించింది, అక్కడ టీఫోరు అడుగంటి ఉంది.
"పైది మెడలోది కాదు వీరవేణీ, తలలోంచి వచ్చే పిలుపు.
మెడ పలక్కపోతే తల ఇంకా గట్టిగా పిలుస్తుంది."

అప్పుడు తెలిసింది. మా నాన్న అబ్బులు
లాకుల మీద లస్కరు.
కాలవ నిండుగా పారే రోజుల్లో
రైతులు గట్టు మీద బీడీ అడిగి పోయేవారు.
దాళ్వా ఆఖర్న నీరు చాలకపోతే
శివారు వాళ్లు అర్ధరాత్రి లాంతర్లతో దిగేవారు,
మా గుమ్మం అదిరేలా నాన్న పేరు పెట్టి కేకలు.
"అరుపును బట్టి లోతు చెప్పొచ్చే" అనేవాడు
కొలబద్ద వైపు చూడకుండానే.

పద్దెనిమిది పాయింటు ఆరు.
ఎన్నాళ్ల నించి అరుస్తున్నారో నా గట్టు మీద!

గుర్తులు లేకపోలేదు.
లేసు అల్లుతుంటే పువ్వు మధ్యలో లెక్క తప్పేది,
విప్పడం, మళ్లీ అల్లడం, మళ్లీ విప్పడం.
"చెయ్యి మొద్దుబారిందేవే" అని ఏజెంటు నాగరత్నం
డజనుకి ఐదు రూపాయలు కోసింది.
దువ్వెన నిండా జుట్టు.
ఫోన్లో చెల్లెలు నా బొంగురు గొంతు విని
"బావా, ఒకసారి అక్కకివ్వండి" అంది.
ఇద్దరం నవ్వాం. నవ్వింతర్వాత నేను ఏడ్చాను,
ఎందుకో అడిగితే చెప్పలేకపోయాను.
రెండిడ్లీలు తిని లేచినా
"తిని కూర్చుంటే ఒళ్లు రాదా" అంది అత్త.

అమ్మనీ అలాగే అనేవారు.
ఉన్న ఒక్క ఫొటోలో అమ్మ కళ్ల కింద ఉబ్బు,
ఎండాకాలంలో భుజాల మీద శాలువా.
పొయ్యి ముందు కూర్చుని నిద్రపోయేది,
చారు మరిగి మరిగి ఇగిరిపోయేది.
ఊరంతా బద్ధకం అంది, అమ్మ కూడా అదే అనుకుని పోయింది.
ఆమె రక్తం ఎవరూ తియ్యలేదు.
"అదేనంటారా?" అని అడిగాను.
"ఇళ్లలో వస్తుంది. కానీ ఫొటో చూసి చెప్పలేను" అంది డాక్టరమ్మ.
ఆ చెప్పలేకపోవడాన్ని ఇంటికి తెచ్చుకున్నాను.

పొద్దున్నే పరగడుపున చిన్న తెల్ల మాత్ర.
కాఫీకి గంట ముందు.
ఐరను మాత్ర దీంతో కలవకూడదని రాత్రికి మార్చారు.
మా ఆయన గ్లాసు పట్టుకుని గడియారం కింద నిలబడతాడు,
నా గంట ఆయన కాపలా కాస్తున్నట్టు.

ఆరు వారాలకి మళ్లీ సూది. తొమ్మిది పాయింటు ఒకటి.
"తగ్గింది, చాల్లేదు" అని మోతాదు పెంచారు.
నాకు తొందరగా ఉంది. జుట్టింకా రాలుతూనే ఉంది.
నాన్నుంటే నవ్వేవాడు:
ధవళేశ్వరంలో తలుపులెత్తిన రోజే
శివారు మడి తడవదే పిచ్చిదానా,
ముందు నురగొస్తుంది, గుర్రపుడెక్కొస్తుంది,
ఎవరిదో తెగిన చెప్పొస్తుంది,
ఆ వెనకాల నీళ్లు.

రాత్రి కరెంటు పోయింది.
దుప్పటి కాళ్ల దగ్గరికి తన్నేశానని
కాసేపటికి గానీ గమనించలేదు.
మెడ మీద ఏదో తడి.
వేలితో తీసి కిటికీ వెలుగులో చూశాను.

చెమట.